గుప్తదానం, గుప్తవ్యయం

హుండీలో కానుక వేసిన భక్తుడు వెనుదిరిగి చూడడు. ఎంత వేశాడో ప్రక్కవానికి చెప్పడు. అగ్నిలో ఆహుతిని విడిచిన యజమాని ఇది ఇక తనది కాదని త్యాగవచనం పలికినట్లే, ద్రవ్యం చేతినుండి జారిన క్షణంలోనే దానిపై మమకారం తెగిపోవాలని సంప్రదాయం బోధిస్తుంది. ఈ బోధ సత్యమైనది. అయితే దీని చాటున ఒక అపసిద్ధాంతం కూడ చిరకాలంగా ప్రచారంలో ఉన్నది. ఇచ్చిన ధనం ఏమైనదని అడగడం మమకారశేషమనీ, ధర్మసంస్థను లెక్క కోరడం శ్రద్ధాలోపమనీ, అందునా నిర్వాహకులకు ఎంత వేతనం ముడుతున్నదని ప్రశ్నించడం అపచారమనీ దాని సారం. ఆశ్రమాలలో, ఆలయ సంఘాలలో, సేవాసమితులలో ఈ మాటను ఎంత మృదువుగా చెబుతారంటే, అడిగినవాడే సిగ్గుపడి ఊరకుంటాడు.

త్యాగం దాత యొక్క ధర్మం. అది గ్రహీతకు కవచం కాదు. దాత మమకారం విడిచినంత మాత్రాన ఆ ద్రవ్యం నిర్వాహకునిది కాలేదు. అతడు దానికి న్యాసధారి మాత్రమే, అనగా ఇతరుల కొరకు అప్పగింపబడిన సొమ్మును కాపాడేవాడు. గుప్తదానం ప్రశస్తమని పెద్దలు చెప్పినప్పుడు గుప్తంగా ఉంచుమన్నది దాత పేరును. వ్యయాన్ని గుప్తంగా ఉంచుమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు.

భగవద్గీత పదునేడవ అధ్యాయంలో దానం త్రివిధంగా విభజింపబడినది. ప్రత్యుపకారాపేక్ష లేకుండ, తగిన దేశంలో, తగిన కాలంలో, పాత్రుడైనవానికి ఇచ్చునది సాత్త్వికం. అపాత్రునకు, అనుచిత దేశకాలాలలో, అవజ్ఞతో ఇచ్చునది తామసం. ఇక్కడ సాధకుడు గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. దేశకాలాలను దాత స్వయంగా చూడగలడు. పాత్రతను చూడాలంటే గ్రహీతను గురించి తెలియాలి. పూర్వం గ్రహీత ఎదుట నిలిచిన వ్యక్తి. అతని శీలం, విద్య, కుటుంబస్థితి ఊరందరికీ తెలుసు. నేడు గ్రహీత ఒక పేరు, ఒక బ్యాంకు ఖాతా, ఒక క్యూఆర్ కోడ్. అటువంటి గ్రహీత యొక్క పాత్రత దాని ఆదాయవ్యయ పత్రంలో తప్ప మరెక్కడ కనిపిస్తుంది? కనుక లెక్క చూడగోరడం సాత్త్వికదానానికి విఘ్నం కాదు, అంగం. గురువును ఆశ్రయించే సందర్భంలో గీత విధించిన పరిప్రశ్న అనే సాధనం దాతృత్వంలో మాత్రం నిషిద్ధమెట్లా అవుతుంది?

ఇందుకు భాగవతంలోని నృగోపాఖ్యానం కంటె మంచి దృష్టాంతం లేదు. నృగుడు దానశీలుడు. లెక్కకు మిక్కిలిగా గోవులను దానం చేసిన మహారాజు. ఒకనాడు దానంగా ఇచ్చివేసిన ఆవు ఒకటి తప్పిపోయి మరల రాజు మందలో కలిసింది. ఎరుగక రాజు దానినే మరొక బ్రాహ్మణునకు దానమిచ్చాడు. ఇద్దరూ వచ్చి ఆ ఆవు తమదే అన్నారు. దానికి బదులుగా లక్ష గోవులనిస్తానన్నా ఇద్దరూ అంగీకరింపలేదు. దేహత్యాగానంతరం నృగుడు తొండయై ఒక నూతిలో పడి ఉండి, శ్రీకృష్ణ కరస్పర్శతో విముక్తుడైనాడు.

ఈ కథను పురాణ ప్రవచనాలలో బ్రహ్మస్వాపహరణ పాపానికి ఉదాహరణగా చెప్పుతారు. అది యుక్తమే. కాని నృగుడు చోరుడు కాదు. లోభి కాదు. అతనికి దురుద్దేశం లేశమాత్రమూ లేదు. అతని దోషమంతా ఒక్కటే: ఏ ఆవు ఎవరిదో తెలిపే పట్టిక లేదు. భావం శుద్ధమైనా లెక్క అశుద్ధమైతే ఫలం తప్పలేదని కదా కథ చెబుతున్నది! "మా అధ్యక్షులవారు నిష్కళంకులు, వారిని లెక్కలడగడమేమిటి" అనే శిష్యులు ఈ ఉపాఖ్యానాన్ని మరొకసారి చదువుకోవాలి. నిష్కళంకునికే లెక్క అధికంగా అవసరం. కళంకితుడు ఎట్లాగూ తన జాగ్రత్తలో తానుంటాడు. సమస్త శౌచాలలోనూ అర్థశౌచమే శ్రేష్ఠమనీ, మట్టితో నీటితో కలిగే శుద్ధి దానికి సాటి కాదనీ మనుస్మృతి నిర్ణయించినది కూడ ఇందుకే కావచ్చు. (యమలోకంలో సైతం ధర్మరాజు ప్రక్కన ఆసనం లెక్కలు వ్రాసే చిత్రగుప్తునిది.)

వేతనాలను బహిరంగపరచడం పాశ్చాత్యుల నుండి వచ్చిన క్రొత్త పద్ధతి అని ఒక భ్రమ ఉన్నది. తంజావూరు బృహదీశ్వరాలయపు గోడలు ఆ భ్రమను తొలగిస్తాయి. క్రీ.శ. 1010 నాటికి పూర్తియైన ఆ ఆలయంలో రాజరాజ చోళుడు చెక్కించిన శాసనాలు కేవలం ప్రశస్తులు కావు, అవి సంస్థాపత్రాలు. తానిచ్చినది, తన అక్క ఇచ్చినది, రాణులు ఇచ్చినది, ఇతరులు ఇచ్చినది వేరువేరుగా శిలపై వ్రాయించాడు. అంతకంటె ఆశ్చర్యకరమైనది ఉద్యోగుల పట్టిక. నాలుగు వందలమంది దేవాలయ నర్తకీమణుల పేర్లు, ఎవరు ఏ ఆలయం నుండి వచ్చారు, ఏ వీథిలో ఏ వరుసలో ఎన్నవ ఇల్లు ఎవరిది, ఒక్కొక్కరికి ఎంత వృత్తి అనేవన్నీ అక్కడ ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక వంతు. ఒక వంతుకు ఏడాదికి నూరు కలముల ధాన్యం. నట్టువులు, గాయకులు, మద్దెలవాద్యకారులు, గణకులు, కుమ్మరులు, రజకులు, దర్జీలు, వడ్రంగులు, కంసాలులు ఎవరికెన్ని వంతులో ఆ పట్టికలోనే కలదు. కొందరికి ఒకటికి మించి, కొందరికి అంతకు తక్కువ. ఒకరు మరణిస్తే వారి సమీపబంధువులు ఆ వృత్తిని ఎట్లా పొందాలో కూడ నిర్దేశింపబడినది. ప్రదక్షిణం చేసే ఏ భక్తుడైనా నిలిచి చదువుకొనగలిగిన చోట, చెరపరాని లిపిలో ఉన్నది ఆ వేతనపట్టిక. వెయ్యేండ్ల తరువాత కూడ చదువగలుగుతున్నారు.

తిరుమలలోనూ ఈ సంప్రదాయమే. పల్లవరాణి సామవై వెండి భోగశ్రీనివాసమూర్తిని, భూములను సమర్పించిన శాసనం మొదలుకొని, ఏ దాత నిధితో ఏ ఉత్సవం జరగాలి, ప్రసాదంలో దాత వంతు ఎంత, ఏ కైంకర్యపరునికి ఎంత అనే వివరాలను ప్రాకారాల మీద చెక్కించారు. ఆ శాసనసంపుటాలను దేవస్థానమే 1930ల దశకంలో ప్రకటించినది. రాజ్యపాలన విషయంలో కౌటిల్యుడు ఇంకా కఠినుడు. అర్థశాస్త్రంలో గణకాధికారులు ఆషాఢమాసంలో తమ లెక్కలను సమర్పించాలి. భృత్యుల జీతాల అధ్యాయంలో ఋత్విజుడు, ఆచార్యుడు, మంత్రి, పురోహితుడు మున్నగువారికి నలుబదియెనిమిది వేల పణాలనుండి అట్టడుగు పరిచారకునికి అరువది పణాల వరకు అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఋత్విజుని, ఆచార్యుని వేతనం పట్టికలో మొట్టమొదట ఉన్నదనే సంగతి, అధ్యాత్మవిద్యకూ అంకెకూ పొత్తు కుదరదనేవారు గమనింపదగినది.

తెలుగువారికి ఇంకొక స్మృతి ఉన్నది, అది కొంత ఇబ్బంది కలిగించేది. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, వసూలైన ప్రభుత్వధనంతో భద్రాద్రి ఆలయం కట్టించి, తానీషా ఆజ్ఞతో గోలకొండలో సుమారు పన్నెండేండ్లు బంధింపబడినట్లు ప్రసిద్ధి. భక్తలోకం రామదాసు పక్షం. అందులో వింత లేదు. కాని కారాగారంలో ఆయన పాడిన 'ఇక్ష్వాకుకులతిలక' కీర్తనను శ్రద్ధగా విన్నవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. అది ఆర్తగీతమే కాదు, ఖర్చుల జాబితా. ప్రాకారానికి ఎంత పట్టినది, ఏ నగకు ఎంత పట్టినది, ఆయన స్వామి ఎదుట వరుసగా అప్పగించాడు. రాజు అడిగిన లెక్కను రాజుకు చెప్పలేకపోయినా, దైవానికి అంకెలతో సహా చెప్పకుండ ఉండలేకపోయిన భక్తి అది. నాటి రాజధనాన్ని అనుమతి లేక వాడడం ధర్మమా కాదా అనే వివాదాన్ని పండితులకు వదలవచ్చు. తన కొరకు ఒక్క వరహా ఉంచుకొనలేదని ఆయన చూపగలిగినది మాత్రం ఆ జాబితావలననే.

దాతను దాచి వ్యయాన్ని చూపాలనే ఈ భేదాన్ని వర్తమాన శాసనాలలో విస్పష్టంగా గుర్తించినది అమెరికా. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆలయాలకు, సాంస్కృతిక సంఘాలకు, స్వదేశంలోని విద్యావైద్య సంస్థలకు ఇచ్చే దానం ఈ శాసనం నీడలోనే సాగుతుంది గనుక దాని స్వరూపం తెలియడం మంచిది. పన్ను మినహాయింపు పొందిన లాభాపేక్షరహిత సంస్థ ఏటేటా ఫారం 990 అనే పత్రాన్ని సమర్పించాలి. అందులో ఒక భాగం కేవలం వేతనాలది. సంస్థాధికారులు, ధర్మకర్తలు అందరి పేర్లు, వారానికి ఎన్ని గంటలు పనిచేశారు, ఎంత ప్రతిఫలం పొందారు అనేవి వ్రాయాలి. ఏమీ పొందనివారైతే శూన్యమని వ్రాయాలి, పేరు విడిచిపెట్టరాదు. లక్ష డాలర్లకు మించి పొందిన ఉద్యోగులలో మొదటి ఐదుగురి పేర్లు చేర్చాలి. పెద్ద వేతనాలున్న చోట మరొక అనుబంధం పూరించాలి. అది అడిగే ప్రశ్నలు వినదగినవి: మొదటి తరగతి విమానయానం ఉన్నదా? తోడు వచ్చినవారి ప్రయాణవ్యయం సంస్థ భరించినదా? గృహవసతి, వంటమనిషి, వాహనచోదకుడు ఉన్నారా? వేరొక అనుబంధం నిర్వాహకులతో, వారి బంధువులతో సంస్థ జరిపిన వ్యాపారాలను అడుగుతుంది.

ఈ పత్రాన్ని అడిగిన ఎవరికైనా సంస్థ చూపాలి, ప్రతి ఇవ్వాలి. కాని దాతల జాబితాలోని పేర్లను మాత్రం సామాన్య ధార్మికసంస్థలు ప్రజలకు చూపనవసరం లేదు. గుప్తదానం గుప్తంగానే ఉన్నది. వ్యయం వెలుగులోకి వచ్చినది. శాసనకర్తలకు మన స్మృతులు తెలిసి ఉండవు. ధర్మం ఆలోచించినవారికి తోచే విభాగమిది.

ఈ వ్యవస్థ ఉపదేశంవలన రాలేదు, అపకీర్తులవలన పదునెక్కినది. యునైటెడ్ వే అనే మహాసంస్థ అధ్యక్షుడు విలియం అరమొనీ 1992లో తన విలాసవ్యయాలు బయటపడి పదవి వీడి, 1995లో వంచనాదోషిగా కారాగారానికి వెళ్ళాడు. మరుసటి ఏడు వచ్చిన శాసనం, సంస్థ నుండి అనుచితంగా అధికప్రతిఫలం పొందిన వ్యక్తిపై ఆ అధికమొత్తంలో నూటికి ఇరువదియైదు పన్ను విధించినది; తిరిగి కట్టకపోతే నూటికి రెండు వందలు. శిక్ష సంస్థపై గాక పుచ్చుకొన్నవానిపై పడుతుంది. ఇది న్యాయమైన ఏర్పాటు, ఎందుకంటే సంస్థపై వేసిన జరిమానా చివరకు దాతల సొమ్మే.

ఇందులో ఒక పెద్ద రంధ్రం ఉన్నది. చర్చిలకు ఫారం 990 నుండి మినహాయింపు. శాసనపరిభాషలో ఆ మాట ఆలయాలకు, మసీదులకు కూడ వర్తిస్తుంది. అందుచేత అక్కడి హిందూ దేవాలయం తలచుకొంటే శాసనబద్ధంగానే ఏమీ చూపకుండ ఉండవచ్చు. మినహాయింపు ఉన్నా స్వచ్ఛందంగా దాఖలు చేసే ఆలయాలు ఉన్నాయి. సభ్యులసభలో లెక్కలు చదివేవి ఉన్నాయి. రెండూ చేయనివి ఉన్నాయి. శాసనం బలవంతం చేయని చోటనే ఆలయపాలకుల ధర్మనిష్ఠ పరీక్షకు నిలుస్తుంది.

భారతదేశంలో పరిస్థితి విచిత్రం. ఆదాయపుపన్ను శాసనం ధర్మనిధి ఆదాయాన్ని స్థాపకులకు, వారి బంధువులకు మళ్ళించడాన్ని నిషేధిస్తుంది. వారు సేవ చేస్తే సమంజసమైన వేతనం మాత్రం పొందవచ్చునంటుంది. పరిమితి దాటిన ఆదాయం గల సంస్థ లెక్కలు పరీక్షింపబడి నివేదిక సమర్పింపబడుతుంది. కాని అవన్నీ పన్నుశాఖకు, సంస్థకు నడుమ ఉండిపోతాయి. ఆ వేతనం సమంజసమో కాదో దాతకు తెలిసే దారి లేదు. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ తన సంచాలకుల వేతనం మధ్యస్థ ఉద్యోగి వేతనానికి ఎన్ని రెట్లో 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏటా ప్రకటించాలి. లాభం కొరకు నడిచే సంస్థ చెప్పవలసినది, లాభం కోరమని చెప్పే సంస్థ చెప్పనక్కరలేదు! సమాచారహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వసంస్థలు ప్రతి ఉద్యోగి నెలవారీ వేతనాన్ని అడుగకముందే ప్రకటించాలి. ప్రభుత్వధనం గణనీయంగా పొందే స్వచ్ఛందసంస్థలు కూడ ఈ చట్టం క్రిందికి వస్తాయని 2019లో డీఏవీ కళాశాల ట్రస్టు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నిర్ణయించినది. భక్తుల ధనంతో మాత్రమే నడిచేవి అందులోకి రావు. విదేశీవిరాళాల విషయంలో మూడు నెలలకొకసారి జాలస్థలంలో వివరాలు ఉంచాలనే నియమం ఉండేది. 2022లో దానిని తొలగించారు, వార్షిక ప్రకటన మిగిలినది.

అంకెలు బయటికి వస్తే అపార్థాలు పుట్టవా? పుడతాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 2025-26 సంవత్సరానికి 5,258.68 కోట్ల రూపాయల ఆదాయవ్యయ పట్టికను ప్రకటించినది. అందులో హుండీ కానుకల అంచనా 1,729 కోట్లు. సిబ్బంది వేతనాదులకు 1,770 కోట్లకు పైగా. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చూచిన భక్తుడు, స్వామి హుండీ అంతా జీతాలకే పోతున్నదని తొందరపడి తీర్పు చెప్పవచ్చు. వంటశాలలు, వైద్యాలయాలు, కళాశాలలు, క్యూవరుసలు, కల్యాణకట్ట, రక్షణ, ఇవన్నీ మనుష్యుల చేతులతో నడిచేవని అతనికి వెంటనే తట్టదు. వేలాది యాత్రికులకు నిత్యం అన్నం వడ్డించేవారి వేతనం అన్నదానవ్యయం కాదా? ఇట్లా ప్రశ్నించుకొనడానికైనా అంకె ఎదుట ఉండాలి. అంకె లేనిచోట ఈ చర్చ ఉండదు, వదంతి ఉంటుంది. వదంతికి ఆడిట్ లేదు.

చిన్న ఆలయాల అర్చకుల విషయం దీనికి మరొక ముఖం. ధూపదీపనైవేద్య పథకం క్రింద నెలకు ఇచ్చే మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో ఐదు వేలు, తెలంగాణలో ఆరు వేలు ఉండేది; రెండు రాష్ట్రాలలోనూ ఈ మధ్యనే పది వేలకు పెంచారు. ఆ అంకె అందరికీ తెలిసినది గనుకనే దాని చాలమిని గురించి మాట్లాడగలిగారు. ఒక ప్రైవేటు ఆలయంలో అర్చకునికి ఎంత ఇస్తున్నారో, అదే ఆలయంలో కార్యాలయ నిర్వాహకునికి ఎంత ఇస్తున్నారో ఎవరికి తెలుసు? వేతనరహస్యంవలన ఎక్కువ తీసుకొనేవాడు రక్షింపబడతాడు. తక్కువ పొందేవాడు ఒంటరి అవుతాడు. భక్తుడు పళ్ళెంలో పది రూపాయలు వేసి కదిలిపోతాడు, ఎదుటనున్నవానికి అదే జీవనాధారమేమో అని ఊహింపడు.

సేవకు జీతమెందుకనే మాట ఒకటి మిగిలినది. దక్షిణ లేని యజ్ఞం అసంపూర్ణమని చెప్పిన సంప్రదాయంలో ఈ మాటకు చోటు లేదు. సంసారభారం మోసే లెక్కలగుమాస్తా, శస్త్రవైద్యుడు, వేదాధ్యాపకుడు ఉచితంగా పనిచేయాలని కోరడం దాతృత్వం కాదు, పరుల శ్రమను దానం చేయడం. మంచి వేతనం తీసుకొని మంచి పని చేసేవాడు దాచవలసినదేమీ లేదు. భయపడదగినది దీనికి విరుద్ధమైన స్థితి: "మేము ఒక్క రూపాయి జీతం తీసుకోము" అనే ప్రకటన క్రింద సంస్థ వాహనం, సంస్థ గృహం, సంస్థ ఖర్చుతో విదేశయాత్ర, మేనల్లునికి నిర్మాణపు కాంట్రాక్టు. జీతం శూన్యం, భోగం అశూన్యం. సన్న్యాసి ధనాన్ని తాకకపోవడం వ్రతమే. తాకకుండ అనుభవించడం వ్రతం కాదు. అందుకే పత్రంలో జీతపు వరుస ఒక్కటే ఉంటే చాలదు. వసతి, ప్రయాణం, బంధువులతో లావాదేవీలు అనే మూడు వరుసలు లేకపోతే జీతపు వరుస అలంకారమాత్రం.

అయితే పారదర్శకతకు కూడ మర్యాద ఉండాలి. వంటవాని పేరు, ఊడ్చే ఆమె పేరు జాలస్థలంలో వేయనక్కరలేదు. వారికి ఉద్యోగస్థాయినిబట్టి మొత్తం చెబితే చాలు. నిర్ణయాధికారం ఉన్నవారు, అత్యధికవేతనం పొందేవారు మాత్రం పేరుతో కనబడాలి. అధికారం పెరిగినకొద్దీ ఆవరణ తగ్గాలి. బీదవిద్యార్థి, రోగి మున్నగు సహాయం పొందినవారి పేర్లను, చిత్రాలను ప్రచారపత్రాలలో వేయడం మానితే ఇంకా మంచిది. విచారింపదగిన వింత ఏమంటే, అనేక సంస్థలలో నేడు సహాయం పొందిన పేదవాని ముఖం బహిరంగం, సహాయం పంచేవాని జీతం రహస్యం.

ఇదంతా చేయడానికి క్రొత్త శాసనం రావలసిన పని లేదు. పరీక్షింపబడిన లెక్కల నివేదిక సాధారణంగా సెప్టెంబరు నెలాఖరుకు ప్రతి పెద్ద ధర్మసంస్థలోనూ ఎట్లాగూ సిద్ధమవుతుంది. కార్యాలయపు బీరువాలో ఉంటుంది. ఆ తరువాత కొద్దిరోజులకే దసరా. నవరాత్రి ఉత్సవాలకు ఆహ్వానపత్రిక అచ్చువేయించే సమితి అందులో అలంకారాల పట్టిక, ఉభయదాతల పేర్లు, విరాళాలు పంపవలసిన ఖాతా సంఖ్య తప్పక వేస్తుంది. విరాళపు ఖాతా సంఖ్య ప్రక్క పుటలోనే గత సంవత్సరపు ఆదాయవ్యయాలు, ముఖ్యనిర్వాహకుల వేతనవసతులు వేయించవచ్చు. ఆ పుట లేని ఆహ్వానం చేతికి వచ్చినప్పుడు భక్తుడు దానిని కళ్ళకద్దుకొని, కానుకతోపాటు ఒక చిన్న కాగితం మీద ఆ పుట ఏదని అడిగి పంపవచ్చు.